బంగారం మీద పొర

"ఆమెను నమ్మొద్దు," అన్నాడు చీఫ్. "రెండు పడవల మీద కాళ్లేసిన మనిషి."

డిపార్టుమెంటులో పిల్లి అని పిలిచే ఏజెంటు తలూపాడు. ల్యాబ్ అసిస్టెంట్ వేషంలో అతను చేరింది ఆమె దగ్గరే. నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, అటు ముఠాకీ ఇటు డిపార్టుమెంటుకీ రెండు ఉద్యోగాలు. పాఠం మాత్రం ఓపిగ్గా చెప్పేది.

"బంగారు రేకును ఈ మందులో ముంచితే చాలు. అణువుల గంధకపు తలలు బంగారాన్ని పట్టుకుంటాయి, తోకలు పైకి లేస్తాయి. ఎవరూ సర్దక్కర్లేదు. అవే బారులు తీరతాయి."

ఒక ఉదయం ఆమె తలుపు మూసింది.

"నువ్వెవరో నాకు తెలుసు. సభాభవనం కింద మా ముఠా బాంబు పెట్టింది. గాజుగొట్టంలో రెండు బంగారు రేకులుంటాయి. పంపు నీళ్లు వాటిని కలిపితే పేలుతుంది. పంపు మోగకుండా ఆపినా, వైరు తెంపినా అంతే. రేకుల మీద పొర వేసేశాను. నీళ్లు జారిపోతాయి. నువ్వు మాత్రం ముట్టుకోకు."

వద్దన్న పనే చేయాలనిపించడం గూఢచారి జాతి లక్షణం. పిల్లి కాలర్ మైకులో "తుఫాను" అని సంకేతమిచ్చాడు. మనవాళ్లు దూసుకొచ్చి ఆమెను పట్టుకున్నారు. ఆ తోపులాటలో ఆమె మణికట్టు విరిగింది. పిల్లి ఆమె మందుసీసాను సాక్ష్యంగా జేబులో వేసుకుని సభాభవనం బేస్‌మెంట్‌కి పరుగెత్తాడు. ఆ పొరలోనే ఏదో కుట్ర ఉందనుకుని, పెన్నులాంటి అల్ట్రావయొలెట్ లైటు గొట్టం మూతికి ఆనించి దాన్ని పూర్తిగా కాల్చేశాడు.

అప్పుడు చెవిలో చీఫ్ గొంతు. "ముఠావాడొకడు నోరు విప్పాడు. ఆమె చెప్పిందంతా నిజమే."

పిల్లికి తల కొట్టేసినట్టయింది. నెత్తి మీద హాలు నిండా జనం. ఆమెకు లైను కలపమన్నాడు.

"మేడమ్, పొర తీసేశాను."

"నా సీసా ఉందా?"

"ఉంది."

"కింద వేలు అడ్డుపెట్టి ఆ మందు గొట్టంలో పొయ్యి. అది స్పిరిట్‌లో కలిపిందే, కరెంటు పారదు."

"ఎంతసేపు?"

"చక్కగా కుదరాలంటే రాత్రంతా. గండం గట్టెక్కాలంటే పంపు మోగేదాకా కదలకు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని కోసేసింది. తిట్టినా బాగుండేది.

పంపు గుర్రుమంది. వేలు తీశాడు. మందు కారిపోయింది, వెనకే నీళ్లొచ్చాయి. తామరాకు మీద పడ్డట్టు బొట్లుబొట్లుగా రేకుల మీంచి జారిపోయాయి. పైన సభలో ఎవరి ఉపన్యాసానికో చప్పట్లు వినిపించాయి.

సాయంత్రం ఆసుపత్రిలో ఆమె చేతికట్టు వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

"క్షమించండి మేడమ్. నేను చేసిన ఘనకార్యానికి ప్రమోషన్ ఇచ్చారు. వద్దని చెప్పేస్తాను."

"తీసుకో," అందామె. "వద్దంటే నిన్నూ అనుమానిస్తారు."