బట్టీ మూతికి తడిమట్టి

మా కిషూ కొండల్లో బొగ్గు కాల్చేవాళ్ళు వందమంది ఉంటారు. కాల్చడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నా బొగ్గు ముక్కలు రెండు ఒకదానికొకటి తాకిస్తే కంచులా మోగుతాయి. అందుకే పరిశోధనశాల వాళ్ళు బస్తా అడిగితే, నలభై ఒక్కేళ్ళుగా దాచుకున్నది తీసిచ్చాను. అంత బాగా మళ్ళీ ఏ కాల్పూ కుదరలేదు.

నెల తిరక్కుండా కబురొచ్చింది. బొగ్గులో లోపం ఉందట!

మర్నాడే రైలెక్కాను. పరిశోధనశాలలో పనిచేసే మినెగిషి అనే పిల్ల టీ ఇచ్చి కూర్చోబెట్టింది. మిట్టమధ్యాహ్నం. అయినా ఎండ జాడ లేదు, అక్కడ కిటికీయే లేదు. యంత్రాల హోరు, వేడెక్కిన దుమ్ము వాసన.

"లోపమన్నది నువ్వేనా?"

"కోప్పడకండి తాతగారూ. మీ బొగ్గు పొడిచేసి, రేకుకి పూసి ఉప్పునీళ్ళలో పెట్టాం. కరెంటు ఎక్కిస్తే నీళ్ళలోని అయాన్లు బొగ్గు రంధ్రాల్లోకి దూరతాయి. దించితే బయటికి రావాలి. ఎక్స్‌రేతో చూస్తున్నాం. వెళ్ళినవి రావట్లేదు."

"దారి ఇరుకేమో."

"ఇరుకే. ఒంటిచుట్టూ ఉన్న నీళ్ళు కూడా వదిలేసి దూరతాయి. మనం చొక్కా విప్పి దూరినట్టు."

టీ కప్పు బల్లమీద పెట్టేశాను.

బొగ్గు ఉన్నది సీసపు గోడల గదిలో. ఆ పిల్ల లోపలికెళ్ళి, బల్ల కిందకి వంగి చూసి, మూడుసార్లు కేకేసింది. "లోపల ఎవరైనా ఉన్నారా?" బయటికొచ్చి తలుపు లాగింది. పైన పచ్చదీపం వెలిగింది.

"గది ఖాళీ అయితేనే ఆ దీపం వెలుగుతుంది. మనిషుండగా ఎక్స్‌రే వదలకూడదుగా."

మా బట్టీకీ అదే ఆచారం. మూతికి మట్టి మెత్తేముందు మూడుసార్లు పిలవాలి. కట్టెలు పేర్చేవాడు లోపలే ఉండిపోవచ్చు.

ఒక్కసారి మాత్రం నేను పిలవలేదు. మా తమ్ముడు కిసాబురో బేరగాళ్ళ ముందు "మా అన్న బొగ్గు మోగదు" అన్నాడు. పదిహేడు రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ రోజు కట్టెలు పేర్చేది వాడే. పిలిస్తే వాడి పేరే పిలవాలి. మట్టి మెత్తేశాను. వాడు ఇంటికి రాలేదు. ఒసాకా పారిపోయాడని ఊరంతా నేనే చెప్పాను. బట్టీ తెరిచినప్పుడు బొగ్గు ఏరుకున్నాను. బూడిద వెతకలేదు. బట్టీ పక్కన మేకుకి వాడి చొక్కా ఉంది. ఇన్నేళ్ళూ దాన్నీ తియ్యలేదు.

ఈ బస్తా ఆ కాల్పుదే.

లోపలికెళ్ళిన అయాన్లని చూపే గీత తెరమీద పైకెక్కి ఆగింది. కరెంటు దించినా కిందికి రాలేదు.

"చూశారా?"

"నా బొగ్గులో లోపం లేదు."

"పదకొండుసార్లు చూశాం తాతగారూ. మీరు పిలిస్తే వస్తాయేమో, పిలవండి మరి!" అని నవ్వింది.

పౌరుషం పొడుచుకొచ్చింది. తెర దగ్గరికి వంగాను.

"కిసాబురో..."

గీత కదిలింది. కిందికి... మొదలైన చోటుకి... ఇంకా కిందికి...

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. "వెళ్ళినవాటికన్నా ఎక్కువ వస్తున్నాయి..."

పచ్చదీపం ఆరింది.

"లోపల ఎవరో ఉన్నారు..." గుసగుసగా అంది. ఎక్స్‌రే ఆపి తలుపు తీసింది. ఎవరూ లేరు. పచ్చికట్టె వాసన. మగవాడి చెమట వాసన.

ఆ పిల్ల తలుపు మూసి నా వైపు తిరిగింది. "మీ బొగ్గులో లోపం లేదు తాతగారూ."

తిరిగొచ్చి చూస్తే బట్టీ పక్కన మేకుకి చొక్కా లేదు.

ఇవాళ బట్టీలో కట్టెలు పేర్చాలి. నాకు వేరే పని రాదు, తోడెవరూ లేరు. వంగి లోపలికెళ్ళబోతూ ఆగాను. మూతి పక్కన మట్టి తడిపి, మెత్తగా పిసికి పెట్టి ఉంది.

నేను తడపలేదు.