జబ్బకు కట్టిన కోక పేలిక

ఆ ఉదయం తోట చుట్టూ ఉన్న ముళ్లకంచె గేటు ఇంకా తెరవలేదు. మరిడమ్మ తన కొడుకు పడుకున్న చాప చుట్టబోతే, దిండు కింద నుంచి తాడులా పేనిన రెండు ఎర్ర గుడ్డ పేలికలు జారిపడ్డాయి.

మలాయాలో సుంగై సిపుట్ ఊరి పక్కన ఆ రబ్బరు తోటలో తొమ్మిదేళ్లుగా ఎమర్జెన్సీ. పనికి వెళ్లేవాళ్లని గేటు దగ్గర సిపాయిలు రోజూ తడిమి చూస్తారు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి గుప్పెడు బియ్యం మోశాడని అనుమానమొస్తే చాలు, మనిషిని పట్టుకుపోతారు. అలాంటి చోట ఎర్ర గుడ్డ! మరో రెండు వారాల్లో మర్డెకా, దేశానికి స్వతంత్రం. ఆ పండగపూట తన ఒక్కగానొక్క కొడుకు జైల్లో ఉండాలా? ఇంకేమీ ఆలోచించకుండా పేలికలు పొయ్యిలో పడేసింది.

తాతబాబు స్నానం చేసి వచ్చి చాప దులిపాడు.

"అమ్మా, ఇక్కడ ఎర్ర గుడ్డలుండాల."

"కాలిపోనాయి. అడవోళ్లతో ఎన్నాళ్ల నుండి తిరుగుతన్నావురా?"

"అడవోళ్లేటమ్మా? అవి తొమోయికి కట్టుకునేవి లా," అన్నాడు, మాట చివర మలాయ్ వాళ్లలాగే 'లా' తగిలించి.

"ఏటది?"

"సయామోళ్ల ఆట. చేతుల్తోనే కాదు, మోచేతుల్తో, మోకాళ్లతో, కాళ్లతో కూడా కొడతారు. మర్డెకా ఆటల్లో నేను దిగుతన్నాను."

గుమ్మంలో చుట్ట కాలుస్తున్న వాడి తండ్రి పోలయ్య, భార్య వైపు చూశాడు. "ఈడికి అడవోళ్లే నయమే."

తాతబాబు నవ్వలేదు. "ఆట నేర్పే మాస్టారు మంత్రించి ఇచ్చినాడు. అది జబ్బకి కట్టకుండా బరిలోకి దిగనివ్వడు."

"ఎర్ర గుడ్డే దొరికిందేటి మీకు?"

వాడు తలదించుకున్నాడు. "నీ పెళ్లి కోకమ్మా. పెట్టెలోంచి తీసి సింపినాను. తల్లి కట్టిన గుడ్డే కట్టుకోవాలంట. నువ్వే ఇచ్చినావని మాస్టారికి సెప్పినాను."

"నన్నడక్కండా?"

"అడిగితే ఇస్తావా? సైకిలెక్కితేనే పడిపోతానని ఏడిసినావు."

మరిడమ్మ పీట మీద కూలబడింది. కోక చింపినందుకు కోపం రావాలి. రాలేదు. కొట్టుకోడానికి వెళ్లేవాడు అమ్మ గుడ్డ కట్టుకోవడమేమిటన్న వింతే ముందొచ్చింది.

"అది కట్టుకుంటే దెబ్బ తగలదేటి?"

"తగుల్తాది. అమ్మ పక్కనున్నట్టుంటాదంట. ముందు నాలుగు మూలలా మొక్కాల. మోకాళ్ల మీద కూసుని మూడు దండాలెట్టాల. గురువుకి, అమ్మకి, నాన్నకి."

"నాకూ ఉందేటి?" అన్నాడు పోలయ్య.

"ఆఖర్న లా."

మరిడమ్మ లేచి పెట్టె తెరిచింది. మిగిలిన కోక అంచు పంటితో కొరికి, మరో రెండు పేలికలు చీల్చింది.

"నాకిష్టం నేదు. అయినా ఇస్తన్నాను. మీ మాస్టారికి నిజం సెప్పి మళ్లీ మంత్రించుకో. ఒక్క దెబ్బ తగిలినా పడిపో, లేవకు."

వాడు ఆ పేలికలు రెండు చేతులా అందుకున్నాడు. అంత పెద్దవాడి కళ్లలో నీళ్లు చూసి ఆవిడ మొహం తిప్పుకుంది.

మర్డెకా ఆటలనాటి మధ్యాహ్నం మైదానమంతా కొత్త జెండాలు. సన్నాయి మొదలవగానే తాతబాబు బరి చుట్టూ నెమ్మదిగా, నాట్యంలా అడుగులేశాడు. కొట్టుకోబోయేవాడికి ఇంత మెత్తటి నడకేమిటని మరిడమ్మ నోరు తెరుచుకు చూసింది. ఒక దండం తన వైపే పెట్టాడు.

ఆ తర్వాత డోలు వేగం పెరిగింది. ఆవిడ చెంగుతో మొహం కప్పుకుంది. కొడుకుతో తలపడే ఆ రెండోవాణ్ణి పడగొట్టమని వారం రోజులుగా అమ్మవారికి మొక్కుతోంది. ఇప్పుడూ అదే మొక్కు. చెంగు సందులోంచి చూస్తే పక్కనే ఒక మలాయావిడ, కళ్లు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతోంది.

మరిడమ్మ బరి వైపు వేలు చూపింది. "అనాక్? బిడ్డా?"

ఆవిడ తలూపింది.

మరిడమ్మ మొక్కు నోట్లోనే ఆగిపోయింది. వారం రోజులుగా తను పడగొట్టమన్నది ఈవిడ కొడుకుని. ఈవిడ పడగొట్టమంటున్నది తన కొడుకుని కాబోలు. కళ్లు నిండిపోయాయి. చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అదీ తన చెయ్యిలాగే చల్లగా, చెమటగా ఉంది.

ఆట అయిపోయినట్టు గంట మోగింది. ఆ తల్లులిద్దరిలో ఎవరికీ చూసే ధైర్యం లేదు.

"ఎవులు పడినారో సూడయ్యా" అంది భర్తతో.

"ఎవులూ పడనేదే. ఇద్దరూ నిలబడే ఉన్నారు."

మరిడమ్మ ఆ చెయ్యి వదలకుండా, తనకొచ్చిన రెండు మలాయ్ ముక్కల్లో పక్కావిడకి చెప్పింది. "దువా-దువా. ఇద్దరూ."