సూది దిగిన చోట

జమ్మికుంట నుంచి వచ్చిన బస్సు దిగి, భుజాన సంచీ వేసుకుని గబగబా వీధి మలుపు తిరిగిన నర్మద, తన ఇంటి గుమ్మం కంటబడగానే నడి వీధిలో నిలబడిపోయింది. గుమ్మానికి వేపమండలు! తన ఇంటికే! నిన్న పొద్దున తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకని బయల్దేరుతూ, "సూది మరువకుండ్రి... మాపున ఒకటి, మళ్ళ తెల్లారి ఒకటి..." అని మొగుడికి పదిసార్లు చెప్పి వెళ్ళిందే! ఒక్క రోజు... ఒకే ఒక్క రోజు ఇల్లు విడిచిపెడితే ఏమైపోయింది!

ఎదురింటి అరుగు మీద బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కమలవ్వ గొంతు తగ్గించి అంది. "కాళ్ళు కడుక్కొని లోపలికి పో నర్మదా. మీ మమతకు తల్లి పోసింది."

అమ్మవారు పోసిందా! నర్మద కాళ్ళు కడుక్కోలేదు. సంచీ వాకిట్లో పడేసి లోపలికి ఉరికింది. ఇల్లంతా పసుపునీళ్ళ వాసన. నేల మీద వేపాకు పరిచి, దాని మీద పాత చీర వేసి పడుకోబెట్టారు మమతారాణిని. పదకొండేళ్ళ పిల్ల... నిన్న పొద్దున జడ వేయించుకుని, "అమ్మా, నాకోసం ఏం తెస్తవ్?" అని ఎగిరిన పిల్ల... పెదవులు ఎండిపోయి, కళ్ళు గుంటలు పడి, పరుగెత్తి వచ్చినదానిలా బుసబుస ఊపిరి తీస్తోంది! "అమ్మా... నీళ్ళు... ఎన్ని తాగినా దూప పోతలేదమ్మా..." అంటూనే పక్కకు తిరిగి కక్కుకుంది. నర్మద చెంగుతో బిడ్డ నోరు తుడిచింది. రెండేళ్ళ కింద షుగర్ బయటపడ్డనాడు సరిగ్గా ఇలాగే ఉంది బిడ్డ. సూది చూస్తేనే కళ్ళు మూసుకునే నర్మద ఆ రోజు నుంచి తన చేత్తోనే పూటకొక సూది ఇస్తూ వస్తోంది. ఇన్సులిన్ లేనిదే ఆ పిల్ల బతకదని డాక్టర్లు చెప్పిన మాట ఆమె ఒక్క పూట కూడా మరిచింది లేదు.

"సూది ఇచ్చిండ్రా?" అని మొగుడి కేసి తిరిగింది.

బాలమల్లు సాంచాల మీద, ఆ మరమగ్గాల పనికి కూడా పోకుండా గోడకానుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు. "నిన్న మాపున ఇయ్యలే... పొద్దుగాల గూడ ఇయ్యలే... అవ్వ వద్దన్నది..."

"రెండు పూటలా! అవ్వ వద్దంటే ఊకున్నవా? నువ్వు ఆ పిల్ల బాపువేనా!"

వంటింట్లోంచి అత్త చంద్రవ్వ గిన్నెడు పసుపునీళ్ళతో వచ్చింది. ముసలామె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. "వాణ్ణి అనకు నర్మదా, నేనే వద్దన్న. తల్లి ఉన్న ఒంటికి సూది ముట్టద్దు! నా వెంకటికి అయిదేండ్లప్పుడు తల్లి పోస్తే, మీ మామ వినకుండ ఎత్తుకపోయి సూది ఇప్పిచ్చిండు. తెల్లారేసరికి పిలగాడు సల్లబడ్డడు... నా ఒళ్ళనే సల్లబడ్డడు బిడ్డా! మళ్ళ ఈ ఇంట్ల గట్ల కానియ్య. నా పానం పోయినా కానియ్య!"

ఏమనాలి ఆ తల్లిని? వెంకటి పేరెత్తితే ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాదు. పన్నెండేళ్ళుగా నర్మద కూడా నోరెత్తలేదు. కానీ ఈ రోజు ఆ ఊపిరి చప్పుడు వింటూ నోరు మూసుకోవడం ఆమె వల్ల కాలేదు. వంగి కూతురి గౌను పైకెత్తి చూసింది. బొడ్డుకు అటూ ఇటూ ఎర్రటి పొక్కులు, గీక్కున్న గీతలు. ఎడమ జబ్బ మీద అలాంటివే. ముఖం మీద ఒక్కటి లేదు. వీపు తిప్పి చూసింది, లేదు. అరికాళ్ళు చూసింది, లేదు. పొక్కుల దగ్గర కర్పూరం వాసన గుప్పుమంది. అదేమిటో ఆలోచించే తీరిక లేదప్పుడు.

"అత్తమ్మా! తల్లి పోస్తే ఒళ్ళంత పోస్తది. నేను సూది ఇచ్చిన కాడ్నే ఏరుకొని పోస్తదా? ఇది తల్లి కాదు. సూది దిగిన చోటు పాడైంది, గంతే!"

"తప్పు! లెంపలేసుకో! తల్లిని గట్ల అంటరా!"

నర్మద లెంపలేసుకోలేదు. షుగర్ చూసే మిషన్ తీసి పిల్ల వేలు గుచ్చింది. అంకె రాలేదు. 'హై' అని పడింది, అంతే. అంకెకు అందనంత పైకి పోయింది షుగర్! ఇది ఇక ఇంట్లో సూది ఒక్కదానితో అయ్యేది కాదని ఆమెకు తెలుసు. పిల్లను భుజాన వేసుకుని లేచింది.

అప్పుడు చంద్రవ్వ చేసిన పని చూసి వాకిట్లోకి చేరిన ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఆ ముసలామె గడపకు అడ్డంగా పడుకుంది! "పో! నన్ను దాటుకొని పో! పెద్దమనిషిని దాటి పోయేదానివైతే పో!"

వీధి వీధంతా చూస్తోంది. దాటితే ఏమంటారో నర్మదకు తెలియదా? అత్తను దాటిన కోడలు అన్న మాట చచ్చేదాకా వెంట వస్తుంది. పెళ్ళిలో, పేరంటంలో, చావులో కూడా ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. రానీ! బిడ్డ లేకపోయాక మంచి కోడలన్న పేరు ఏం చేసుకోవాలి? భుజం మీద మమత తల వాలిపోయింది... మెడకు తగిలే ఊపిరి మరీ వేడిగా ఉంది... నర్మద వంగి, ఒక చేత్తో అత్త పాదాలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"తిట్టుకో అత్తమ్మా. నీ వెంకటి కోసం నువ్వు పండుకున్నవ్. నా బిడ్డ కోసం నేను దాటుతున్న!"

దాటింది! చీర కుచ్చిళ్ళు అత్త ఒంటికి తగలకుండా పైకి పట్టుకుని మరీ దాటింది. వాకిట్లో ఎవరో "అయ్యో, ఎంత తెగింపే!" అన్నారు. వెనక్కి తిరగలేదు. వీధి చివర దాకా మోసుకుంటూ నడిచింది. అంతలో వెనక బండి చప్పుడైంది. బాలమల్లు! "ఎక్కు," అన్నాడు ఒక్కటే మాట. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే గడప. అతనూ దాటి వచ్చాడన్నమాట.

జిల్లా దవాఖానలో సెలైన్లు పెట్టారు, ఇన్సులిన్ ఎక్కించారు. "ఇంకో పూట ఆగితే కష్టమైతుండె," అంది డాక్టరమ్మ. ఆ మాటకు బాలమల్లు గోడకు తల కొట్టుకున్నాడు. "నేనే చంపుకొంటుంటి నర్మదా... అవ్వకు ఎదురు చెప్పలేక..." నర్మద ఓదార్చలేదు. మంచం పక్కన కూర్చుని బిడ్డ చేయి పట్టుకుంది. కోపం తగ్గడానికి ఆమెకు ఇంకా రోజులు పడతాయి. ఆ సంగతి అతనికీ తెలుసు.

మర్నాడు పొద్దున మమత కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలైతుంది," అంది. ఆ మాట విన్నాక ఏడ్చింది నర్మద... అంతవరకు ఒక్క చుక్క రాలని కళ్ళు ఏరులైపోయాయి! అప్పుడే నర్సమ్మ పద్మలత వచ్చి పిల్ల పొట్టను నాలుగు వేళ్ళతో మెల్లగా తడిమింది. "ఇగో ఇక్కడ గడ్డ, ఇక్కడొక గడ్డ. పట్టుకొని చూడమ్మా. రోజు ఒక్కతాన్నే, ఒక్క చోట్నే ఇస్తున్నవా?"

నర్మద చేతికి చర్మం కింద మెత్తటి ముద్దలు తగిలాయి. "అక్కడైతే నొప్పి లేదమ్మా అంటది మేడం... నొప్పి లేదు గదా అని..."

"నొప్పి లేనిది గడ్డ కట్టినందుకే. గడ్డల ఇస్తే మందు సక్కగ ఒంటికి పట్టది. రోజుకింత జరిగి జరిగి ఇయ్యాలె. సూది ఎప్పటికప్పుడు కొత్తది. స్పిరిట్ ఆరినంకనే గుచ్చాలె. గీ గడ్డలు కరిగేదాక వాటి జోలికే పోవద్దు. మంచి తోలుకు మందు గట్టిగ పనిచేస్తది, అందుకే డోసు మళ్ళ డాక్టరమ్మ రాసిచ్చినంతనే ఇయ్యిండ్రి." అంటూ పొక్కుల దగ్గర ఆగి ముక్కు దగ్గర పెట్టుకుంది వేళ్ళు. "ఈ ఎర్రదనం వేరే. ఎవరన్న ఏమన్న రాస్తున్నరా?"

మమత ముఖం పక్కకు తిప్పుకుంది. నర్మదకు ఆ వాసన గుర్తొచ్చింది. కర్పూరం! నోరు తెరవబోతుండగా తలుపు దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"నేనే."

చంద్రవ్వ! ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో... చంకలో ఒక మూట. "కర్పూరం నూనెల కలిపి నేనే రాసిన. సూది గుచ్చినంక స్పిరిట్ తోని పిల్ల మంట మంట అంటే నా పానం ఆగకపాయె. నర్మద సూడకుండ రోజు సుక్కంత రాసిన, మొన్న అది ఊరికి పోయినంక మస్తు పోసి బాగ రుద్దిన. బాపమ్మ రాసిందని చెప్పకు బిడ్డా అని దాని నోరు గూడ నేనే కట్టేసిన. నా చేతులతోనే పొక్కులు తెచ్చి, తల్లి పోసిందని... నా మనుమరాలిని నేనే..." ముసలామె మంచం కాలు పట్టుకుని కుప్పకూలింది.

కోపంతో దులిపేయాలని ఉంది నర్మదకు. దులిపేసేదే! కానీ మంచం మీద నుంచి సన్నని చేయి చాచి మమత ముసలామె తల నిమిరింది. "ఏడువకు బాపమ్మా. నువ్వు రాస్తే సల్లగ ఉంటుండె." నర్మద కళ్ళు తుడుచుకుని, "లే అత్తమ్మా," అంది గట్టిగా. "నువ్వు ప్రేమకొద్ది రాసినవ్. నేను నొప్పి ఉండదని ఒక్కతాన్నే పొడిచిన. ఇద్దరం కలిసే పాడు చేసినం. కానీ ఒకటి చెప్తున్న. ఇగ నుంచి నా బిడ్డ సూది ఎవ్వరు ఆపినా నేను ఊకోను. మళ్ళ అడ్డం పండుకుంటే మళ్ళ దాటుత!"

చంద్రవ్వ తల ఊపింది. మూట విప్పింది. అందులో అన్నం డబ్బాతో పాటు ఒక పాత గళ్ళ తువ్వాల ఉంది. సాంచాలు రాకముందు, చేతిమగ్గం మీద తను నేసింది. దాన్ని మనవరాలి పొట్ట మీద పరిచి, గడ్డలున్న చోట నాలుగు గడుల మీద పసుపు అద్ది గుర్తు పెట్టింది. "ఇవి ముట్టద్దు. ఇయ్యాల గీ గడి. రేపు పక్క గడి. పొట్ట అయినంక తొడ మీదికి పోదాం. ఒక్క పోగునే రోజు గుంజితే తెగదా మరి! నలభై ఏండ్లు నేసిన, గీ లెక్క నాకు తెల్వదా?"

"మస్తుంది పెద్దమ్మా!" అని నర్సమ్మ నవ్వింది. "అయితే తువ్వాల తీసినంకనే సూది గుచ్చాలె."

అయిదో రోజు ఇంటికి వచ్చారు. వేపమండలు వాడిపోయి ఇంకా గుమ్మానికి వేలాడుతున్నాయి. అరుగు మీద కమలవ్వ ఊరుకుంటుందా? నలుగురూ వినేలా మూతి తిప్పింది. "అత్తను దాటిపోయిన కోడలు వచ్చిందమ్మా! చంద్రవ్వా, ఎట్ల రానిస్తున్నవే ఇంట్లకు?"

నర్మద తల వంచలేదు. జవాబు చెప్పబోయింది. అంతలో వెనక నుంచి చంద్రవ్వ చేయి ఆమె భుజం మీద పడింది.

"దాటింది కమలా! నేను అడ్డం పండుకుంటే దాటింది! దాటకపోతే ఇయ్యాల నా మనుమరాలు ఈ వాకిట్ల నిలబడకపోవు. గడపల పండుకున్ననాడు నాకు గా తెలివి లేకపాయె, నా కోడలికి ఉన్నది. మళ్ళొకసారి నా మతి చెడి అడ్డం పండుకుంటే, మళ్ళొకసారి దాటుమని నేనే చెప్తున్న. విన్నవా? వీధికంత చెప్పుకో పో!"

కమలవ్వ చాటలో తల దూర్చింది. బాలమల్లు వేపమండలు విప్పి పక్కన పెట్టాడు. చంద్రవ్వ గడప పక్కకు జరిగి, కోడలిని ముందు లోపలికి పొమ్మంది. నర్మద బిడ్డ చేయి పట్టుకుని లోపలికి నడిచింది. చేతులు సబ్బుతో కడుక్కుని సూది సిద్ధం చేస్తుంటే, మమత గళ్ళ తువ్వాల పరుచుకుని బాపమ్మను పిలిచింది.

"బాపమ్మా, ఇయ్యాల ఏ గడి?"