తిరిగి వచ్చేవాళ్ళ లెక్క

విశాఖలో ఆ ఉదయం కూడా వాన, డబ్బు కట్టిన వీధుల్లోనే కురిసింది. విభావరి పొడి వీధిలో నడిచి ఆఫీసు చేరేసరికి, సహోద్యోగి సాల్మన్ రాజు రెండు తెరలూ వెలిగించి కూర్చున్నాడు.

"ఈ రోజు ఏదో ఒకటి తేల్చేయాలి మేడమ్. గని వాళ్ళు ఫోన్ మీద ఫోన్."

చంద్రుడి మీది గనుల్లో మనిషికొక సొరంగం. ఆ ఒంటరివాళ్ళతో హెల్మెట్‌లోంచి కబుర్లు చెప్పే సాఫ్ట్‌వేర్ 'తోడు'. విభావరి బృందం రాసిందే. తోడును శాశ్వతంగా ఆపేసినవాడు ఆ తర్వాత, గాలి లేని ఆ చోట, హెల్మెట్ కూడా విప్పేస్తున్నాడు. అలాంటివాణ్ణి ముందే పసిగట్టే 'వాడుకరి విశ్లేషిణి' ఒకటి కావాలి. అది పేరు చెబితే చాలు, రక్షణ బండి దిగి మనిషిని పైకి తెస్తుంది.

పోటీలో మిగిలినవి రెండు. 'లెక్క' వాడుకరి మాటల్ని చదువుతుంది. 'నాడి' మాటల మధ్య ఊపిరిని వింటుంది.

లెక్క తెరంతా పచ్చగా ఉంది, అందరూ తిరిగి వస్తారని. నాడి తెర మీద మూడోవంతు పేర్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంతమందిని పైకి లాగితే గని మూతపడుద్ది, మన తోడు కూడా" అన్నాడు సాల్మన్. "కానీ లెక్కకి అంత పచ్చదనం ఎలా వచ్చిందో చూశారా? అందరూ ఆఖర్న 'వెళ్ళొస్తా' అంటన్నారు. వస్తానన్నాడు కాబట్టి వస్తాడని రాసేసుకుంటంది. మనవాళ్ళు ఎప్పుడైనా 'పోతన్నా' అని చెప్పి పోయారా మేడమ్?"

విభావరి నాడి తెర దగ్గరికి జరిగింది. ఎర్రపేర్లలో ఆమె తమ్ముడు తారకేశు ఉన్నాడు.

"నాడీ, తారకేశు సంగతేంటి?"

"తిరిగి రాడు. వెంటనే పైకి తీసుకురండి."

"పొద్దున్నే మాట్లాడాను. 'ఏటక్కా, బావ చేతి ఉప్మా తిని ఇంకా బతికే ఉన్నావేటి?' అని నవ్వాడు."

"నవ్వాక ఊపిరి తీసుకోవడానికి తడబడ్డాడు."

"వాణ్ణి ఎత్తుకుని పెంచాను. నాకు తెలీదా?"

ఆమె లెక్కను ఎంచుకుంది. నాడి తెర ఆరిపోయింది.

వారం తిరక్కుండానే తారకేశు పని ముగించి, "వెళ్ళొస్తా తోడూ, అక్కకి కూడా చెప్పు" అన్నాడు. తోడును ఆపేసి హెల్మెట్ విప్పాడు. బండి కదల్లేదు. వస్తానన్నవాడి కోసం బండి ఎందుకు?

కర్మకాండ ముగిశాక విభావరి ఆఫీసుకి రావడం అది మూడో రోజు. సాల్మన్ ఆమె ముఖంలోకి చూడలేదు.

"తారకేశు పోయాక నాడికి గని వాళ్ళు ఒప్పేసుకున్నారు గదా మేడమ్. లెక్కని చెరిపేస్తేనే అది ఎక్కుద్ది. ఎర్రపేర్లోళ్ళు ఇంకా కిందే ఉన్నారు. ఊ అనండి."

విభావరి లెక్క తెర వైపు చూసింది. పచ్చటి పేర్ల మధ్య ఒక వరుస.

తారకేశు: తిరిగి వస్తాడు.

సాల్మన్ వేలు మీట మీదికి వెళ్ళింది. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"రేపు చెరిపేద్దాం."

"నిన్న కూడా రేపే అన్నారు మేడమ్."

ఆమె చెయ్యి వదల్లేదు. చంద్రుడి నేల అడుగున, సొరంగాల్లోంచి ఒక్కొక్కరే "వెళ్ళొస్తా" అంటున్నారు. తెర మరింత పచ్చబడుతోంది.