గుల్లలో దాగిన గొంతు

వీపున సిలిండర్‌తో డాక్టర్ కాత్యాయని సముద్రంలోంచి పైకి తేలి, గుల్లల ముద్దను పడవలో పెట్టింది. తొమ్మిదేళ్ల కిందట తుపానులో మునిగిన ఎర్రయ్య పడవ అడుగు నుంచి గీకి తెచ్చిన గుల్లలవి. ఆ పడవ ఇప్పుడు చేపలకు కాపురం. పక్కనే ప్రభుత్వం సిమెంటు గూళ్లు దించింది గానీ, చేపలకు ఎందుకో పాత ఇల్లే నచ్చింది. అక్కడ వల వేయడం నిషేధం.

ఆమె కనిపెట్టిన మెషీన్ పేరు షెల్ రీడర్. పడవ అడుగున పట్టిన గుల్ల రోజూ ఒక పొర వేసుకుంటుంది. పడవలో ఆడిన మాట చెక్కలోంచి దిగి, ఆ పొర మీద సన్నని గీతగా మిగులుతుంది. లేజర్ ఆ గీతను చదివి మళ్లీ మాటగా మారుస్తుంది. అంతవరకు నీలాటిపేటలో అంతటి జ్ఞాపకశక్తి ఎర్రయ్య భార్య పోలమ్మకే ఉండేది.

ఆయన చివరగా తనను తలుచుకున్నాడో లేదో పోలమ్మకు తెలియాలి. ఆ రోజు పడవలోంచి ఈదుకొచ్చినవాడు ఆమె తమ్ముడు లచ్చన్న ఒక్కడే. ఎప్పుడడిగినా "గాలి హోరులో ఏమీ వినబడలేదక్కా" అంటాడు. చెవులు అలా ఉన్నా, అతని వల మాత్రం ఏనాడూ ఖాళీగా రాలేదు. అక్క ఇంటికి రోజూ చేపలు పంపేవాడు.

"ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీరొక్కరే వినండి" అంది డాక్టర్.

"ఒక్కదాన్నే వింటే నా మాట ఎవరు నమ్ముతారమ్మా? మైకులో వెయ్యండి. ఊరంతా విననీ."

"అందులో ఏముందో నాకూ తెలియదు."

"మా ఆయన మాటే కదా. దాచడానికేముంది?"

"వద్దక్కా, పోయినవాళ్ల మాట మైకులో వెయ్యకూడదు" అన్నాడు లచ్చన్న. అతనికి అంత భక్తి ఉందని ఊరికి ఆ రోజే తెలిసింది.

రేవులో బాక్సులు పెట్టారు. ముందు గాలి హోరు. తర్వాత ఎర్రయ్య గొంతు.

"ఒరే లచ్చన్నా, నేను ఒడ్డు చేరకపోతే గుర్తుపెట్టుకో. పడవలోంచి చూస్తే లైట్‌హౌసు బోడికొండ ముక్కుకు ఆనాలి, ఐసు ఫ్యాక్టరీ గొట్టం సరుగుడు తోట చివర కనబడాలి. చేపలు మూగే మన రాతి పారు సరిగ్గా అక్కడే. మీ అక్కను పస్తు ఉంచకు. పారు సంగతి మాత్రం దానికి చెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

జనం పోలమ్మ వైపు చూశారు.

"అదే గొంతు" అంది పోలమ్మ. "నన్ను తిట్టేటప్పుడు అలాగే మెత్తబడేది. ఇంకోసారి వెయ్యమ్మా."

రెండోసారి ఆమె చివరి మాటలు విన్నది. మిగతావాళ్లు మొదటి మాటలు విన్నారు.

తెల్లారేసరికి నీలాటిపేట పడవలన్నీ ఆ పారు మీదే ఉన్నాయి. నెల తిరక్కుండా అక్కడ చేప మిగల్లేదు. లచ్చన్న ఖాళీ వలతో వచ్చి అక్క గుమ్మం ముందు కూర్చున్నాడు. ఇదంతా పోలమ్మ నోటి వల్లే వచ్చిందని ఊరు తీర్మానించింది.

ఆ పారు సంగతి ఊరంతటికీ చెప్పింది ఎర్రయ్య గొంతే; పోలమ్మ నోట ఒక్క ముక్క రాలేదు.