సగం తలుపుల చర్చి

"లేవండి."

"ఎందుకు?"

"ఇది మా బెంచీ."

"పేరు రాసుందా?"

"రాసుంది. దాని మీదే కూర్చున్నారు."

ఎలియట్ లేచి చూశాడు. నిజమే. దిండు మీద ఎర్రదారంతో 'మార్చ్‌మంట్' అని కుట్టి ఉంది. రిచ్‌మండ్ నుంచి మా ఊరికి పశువుల డాక్టరుగా వచ్చి మూడు రోజులైనా కాలేదు, అప్పుడే ఒక అమ్మాయి ఇంటిపేరు మీద కూర్చున్నాడు.

"క్షమించండి. నా పేరు ఎలియట్ క్రాడక్."

ఎడమవైపు వాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. కుడివైపు నుంచి అతని లూయెల్లా అత్త కేక పెట్టింది. "ఒరే ఎలియట్! ఆ తలుపుల్లోకి వెళ్ళావేంట్రా? ఇటు రా!"

హ్యాటీ మార్చ్‌మంట్ బెంచీ తలుపు తీసి పట్టుకుంది. సాగనంపడానికే అనుకోండి. కానీ తలుపు తీసిన చోట తలపు దూరకుండా ఉంటుందా? తలపు దూరాక వలపు ఎంత దూరం?

అమెరికాకి జెండా లేనప్పుడే మా సెయింట్ బర్నబస్ చర్చికి గంట ఉంది. ఆ రోజుల్లో బెంచీ కొనుక్కున్నవాళ్ళు దానికో తలుపు పెట్టుకుని, గడియ వేసుకుని మరీ ప్రార్థించేవారు. అంతర్యుద్ధంలో సైనికులు చర్చిని గుర్రపుశాల చేశారు. మనుషులు దేవుడి మాట నెమరేసే చోట గుర్రాలు బెంచీలే నమిలాయి. పళ్ళగాట్లు ఇప్పటికీ ఉన్నాయి. యుద్ధం అయ్యాక, "దేవుడింట్లో తలుపులేమిటి, పీకేద్దాం" అన్నారు క్రాడక్‌లు. "మా సొమ్ముతో కొన్న తలుపులు" అన్నారు మార్చ్‌మంట్‌లు. ఓట్లు సరిసమానం. అందుకని కుడివైపు పీకారు, ఎడమవైపు ఉంచారు. అప్పటినుంచి నెలకున్నట్టే మా చర్చికీ రెండు పక్షాలు. ఏది కృష్ణపక్షమో ఎవరినడిగితే వాళ్ళు రెండోవైపు చూపిస్తారు.

మా చర్చికి ఫాదరు ఒక మదరు, జూడిత్ అమ్మగారు. ఆవిడ ప్రసంగం అయ్యాక అందరం ఒకరికొకరు చెయ్యి కలిపి సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవాలి. ఎడమవాళ్ళు ఎడమవాళ్ళకే, కుడివాళ్ళు కుడివాళ్ళకే. తర్వాతి ఆదివారం ఎలియట్ నడవ దాటి వచ్చి, బెంచీ తలుపు మీదుగా చెయ్యి చాచాడు.

"ప్రభువు సమాధానం మీకు కలుగును గాక."

"మీకూను." హ్యాటీ చెయ్యిచ్చింది. "ఇక వదలండి."

"ఇంకా పూర్తిగా కలగలేదండీ."

జూడిత్ అమ్మగారు దగ్గారు. వారం వారం ఆ దగ్గు ఇంకాస్త ఆలస్యమవుతూ వచ్చింది.

ఆగస్టు వానలో, చర్చి అరుగు మీద, ఒక్క గొడుగు కింద ఎలియట్ అడిగేశాడు. "పెళ్ళి చేసుకుందామా?"

హ్యాటీ నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపేసింది. "నాకిష్టమే. కానీ తాతయ్య ఊ అనాలి. అమ్మానాన్నా పోయాక ఆ బెంచీలోనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచాడు నన్ను. ఆయన మొహం తిప్పుకుని కూర్చుంటే నా నోట ప్రమాణం రాదు."

"నేను అడుగుతాను."

"మీ క్రాడక్‌ల కుక్క మొరిగినా కిటికీ మూసేస్తాడు!"

మా చర్చి వార్షికోత్సవం నాటికి వారం రోజులుగా వాన. చరిత్ర చదివే పని హ్యాటీది. గుర్రాల దగ్గర అందరూ నవ్వారు. పైన గ్యాలరీలో బానిసలను నిలబెట్టేవారని చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆమె ఇంకా వేదిక దగ్గరే నిలబడి ఉండగా సమాధానం చెప్పుకునే వేళయింది. ఎలియట్ నేరుగా బెంచీలో ఉన్న హ్యాటీ తాతయ్య ఆంబ్రోస్ దగ్గరికే వెళ్ళి చెయ్యి చాచాడు.

తాత తలుపు ధడాలున వేసుకున్నాడు. గడియ పడ్డ గడియ ఎలాంటిదో, వానకి ఉబ్బిన చెక్క అలాగే బిగుసుకుపోయింది.

రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ లేచారు.

"తాతయ్యా, రండి," అని పిలిచింది హ్యాటీ.

"రాదు."

"ఏది రాదు?"

"తలుపు!"

నలుగురు లాగారు. కదల్లేదు.

"బందుల మేకులు పీకితే ఊడొస్తుంది," అన్నాడు ఎలియట్.

"ముట్టుకున్నావో!"

"అయితే మీరు వచ్చేదాకా నేనూ ఇక్కడే." ఎలియట్ తలుపు మీంచి లోపలికి దూకి పక్కన కూర్చున్నాడు.

"మావాడు అటు దూకేశాడర్రా!" లూయెల్లా అత్త గుండె పట్టుకుంది.

"నీకేం కావాలయ్యా?" అన్నాడు తాత.

"హ్యాటీ."

"తిన్నగానే అడిగావే."

"వంకరగా అడగడానికి ఇక్కడ చోటు లేదు సార్."

తాత ముందుకు చూశాడు. రొట్టె తీసుకోకుండా మనవరాలు ఆయన కోసమే నిలబడి ఉంది. తల పైకెత్తి గ్యాలరీ చూశాడు.

"ఆ పైవాళ్ళ సంగతి నా చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. వాళ్ళు అక్కడ నిలబడి ప్రార్థిస్తుంటే మావాళ్ళు ఇక్కడ గడియ వేసుకున్నారన్నమాట. దానికా నేను కాపలా!" ఎలియట్ వైపు తిరిగాడు. "పిల్లని ఏడిపిస్తావా?"

"ఆవిడే ఏడిపిస్తోందండీ, మే నెల నుంచీ."

తాత మీసం కదిలింది. "పీకు."

గుర్రాల నాడాలు పీకే పటకారు ఎలియట్ కారులోంచి వచ్చింది. తలుపు ఊడింది. తాత మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళి రొట్టె తీసుకున్నాడు.

బయట చెట్ల కింద విందు.

"ఆంబ్రోస్! ఆ తలుపు ఊరికే ఎందుకు? ఇటు పట్రండి, హ్యామ్ పెట్టడానికి బల్ల చాల్లేదు!" అని అరిచింది లూయెల్లా అత్త. ఒక క్రాడక్ ఒక మార్చ్‌మంట్‌ని పేరు పెట్టి పిలవడం మేమెవరం వినలేదు. తాత ఒక కొస, ఎలియట్ ఒక కొస పట్టుకుని మోసుకొచ్చి రెండు పీపాల మీద పెట్టారు.

తాత హ్యామ్ బిస్కెట్, అదే పందిమాంసం పెట్టిన చిన్న రొట్టె, కొరికాడు. "ఉప్పెక్కువైంది."

"నూటయాభై ఏళ్ళుగా అంతే వేస్తున్నాం. మీరే తినలేదు."

తాత ఇంకోటి అందుకున్నాడు. "పెళ్ళికి కాస్త తగ్గించు, లూయెల్లా."

ఎలియట్ గ్లాసులో చల్లటి టీ పోస్తున్న హ్యాటీ, ఆ మాటకి తాతనే చూస్తూ పోస్తూనే ఉంది. గ్లాసు నిండింది, పొంగింది, పెళ్ళికొడుకు తడిశాడు.