నురగ పొంగిన రెండు కుండలు

కాష్ఠముఖుడనే రాక్షసుడు మణిశృంగ దేశం మీద మాయబూడిద ఊదిన ఏడాది అది. బూడిద తగిలినవాళ్ళు ఊపిరి ఉండగానే కొయ్యబారిపోయారు. కల్లుగీసే సోమన్న తాటిచెట్టు మీదే బిగుసుకుపోయాడు.

రాక్షసుడు పందెం ప్రకటించాడు. "మనిషి ఒంట్లో వేలమంది పనివాళ్ళున్నారు. నా బూడిద ఒక్కడినే లొంగదీస్తుంది. వాడెవడో చెబితే శాపం పోతుంది. తప్పితే చెప్పినవాళ్ళూ కొయ్యలే." పొరుగుదేశాల నుంచి వచ్చిన ముగ్గురు రాజకుమారులు అలాగే కొయ్యలయ్యారు.

సోమన్న కూతురు ఈరమ్మ కొంచెం బూడిదను కర్రతో తామరాకులోకి తోసి పొట్లం కట్టింది. నాయన చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని అడవి దాటి సూక్ష్మానంద మునిని చేరి పందెం సంగతి చెప్పింది.

"మనిషిలో వెతకడానికి నీ ఆయుష్షు చాలదు తల్లీ," అన్నాడు ముని. "కల్లును పొంగించే జీవి ఒకటుంది, కంటికి ఆనదు. అందులోనూ ఇలాంటి పనివాళ్ళే, కాని కొద్దిమందే. ఇవిగో నూరు కుండలు. ఒక్కో కుండలోని జీవులకు ఒక్కో పనివాడు లేడు."

"అంటే, బూడిద వేసినా ఏ కుండ పొంగుతుందో అందులో లేనివాడే మనకు కావాలి. అంతేనా తాతా?"

"వేసి చూడు."

కుండ తరవాత కుండ చల్లబడింది. నలభై ఒకటోది బుసబుసా పొంగింది. ఈరమ్మ గెంతింది. అంతలో డెబ్భై ఎనిమిదోదీ పొంగింది. చెప్పాల్సింది ఒక్క జవాబు, దొరికింది ఇద్దరు.

"లోపలికి చూడాలంటే గండభేరుండ పక్షి గూటిలోని స్ఫటికం కావాలి," అన్నాడు ముని.

మోకు వేసి ఆమె గూడున్న కొండకొమ్ము ఎక్కి స్ఫటికం అడిగింది. "ఏం చూస్తావు?" అన్నాయి పక్షి రెండు తలలూ.

"ఇంతవరకూ ఎవరూ చూడనిది."

"అయితే మాకూ చూపించు," అని పక్షి స్ఫటికం ఇచ్చి, ఆమెను వీపున ఎక్కించుకుని కుండల దగ్గరికి తెచ్చింది.

ఈరమ్మ స్ఫటికంలోంచి చూసింది. మామూలు జీవిలో ఒకడు సన్నని పోగులకు పూసలు గుచ్చుతున్నాడు. పూస పడగానే పోగు బిగుస్తోంది. ఇంకొకడు పూస తీస్తే సడలుతోంది. బూడిద సోకగానే గుచ్చేవాడు ఆగకుండా గుచ్చసాగాడు, పోగులన్నీ కర్రలయ్యాయి. నలభై ఒకటో కుండలో వాకిలి కాసేవాడు లేడు. బూడిదకు తలుపు తీసేవాడే లేక అది బయటే ఉండిపోయింది. డెబ్భై ఎనిమిదోదాంట్లో బూడిద లోపలికి చేరింది, కాని గుచ్చేవాడే లేడు.

పక్షి ఆమెను రాక్షసుడి ముందు దింపింది.

"వాకిలి కాసేవాడు, అంతేగా?" అని వాడు నవ్వాడు.

"కాదు," అంది ఈరమ్మ. "వాడు తలుపు తీశాడంతే. నువ్వు లొంగదీసింది పూసలు గుచ్చేవాడిని."

రాక్షసుడి నవ్వు ఆగిపోయింది. వాడు కాలి నుంచి తల దాకా కొయ్యబారి, పెళపెళా విరిగి కూలాడు.

ఈరమ్మ వచ్చేసరికి సోమన్న చెట్టు దిగుతున్నాడు. "చేతులు తిమ్మిరెక్కాయే అమ్మా," అన్నాడు. ఆమె వాటిని పట్టుకుని ఏడ్చేసింది.

పిల్లలు లేని రాజు ఈరమ్మకే పట్టం కట్టాడు. ఆమె ఏలినన్నాళ్ళూ ఆ దేశంలో, ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్ళకు జవాబు దొరికేదాకా కోటలో అన్నం పెట్టేవారు.